మొదటి ఏటి పూత

మూడో డబ్బా దగ్గరికి వచ్చేసరికి అతని బొటనవేలి గోరు ఆకుపచ్చబడింది. పువ్వు మెడ కింద గోరు ఆనించి చూపుడువేలితో నొక్కితే చాలు, పుటుక్కున తెగుతుంది. ఐదు తెల్ల రెక్కలు, మధ్యలో పసుపుపచ్చటి బొడ్డు. తెంపిన ప్రతి పువ్వునూ చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. పారెయ్యడానికి మనసొప్పదు, మొక్కకి ఉంచడానికి ధైర్యం చాలదు. స్ట్రాబెరీ మొక్కకి మొదటి ఏడు పూత తుంచెయ్యాలి, అప్పుడే వేరు బలపడుతుంది అని నాలుగేళ్ళ కిందట నర్సరీ పెద్దాయన చెప్పాడు. చెప్పినవాడు మర్చిపోయి ఉంటాడు గాని విన్నవాడు మర్చిపోలేదు.

అది పేరుకే వరండా. మూడో అంతస్తులో గోడకి తగిలించిన గూడులా ఉంటుంది. ఒక మనిషి వచ్చి నిలబడితే రెండో మనిషి లోపలికి పోవాలి. అందులో గోడవారన ఐదు నీలం డబ్బాలున్నాయి. అతను పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో సబ్బునీళ్ళు వచ్చే డబ్బాలవి. ఖాళీ అయినవాటిని అడిగి తెచ్చుకుని, నడుముకి అడ్డంగా కోసి, మేకు ఎర్రగా కాల్చి అడుగున ఎనిమిదేసి కన్నాలు పెట్టాడు. తొమ్మిదిసార్లు కడిగినా సబ్బు వాసన పోలేదు. పదోసారి కడిగి, రాత్రంతా బోర్లించి, అప్పుడు మట్టి పోశాడు. తొందర అతని ఇంటా వంటా లేదు.

లాండ్రీలో అందరూ అతన్ని నిదానం అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. మొదట్లో వెక్కిరింతగా అన్నారు, తర్వాత అలవాటుగా అన్నారు, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు "నిదానం గారూ" అని మర్యాదగా పిలుస్తున్నారు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. మోకాళ్ళు వంగితే లేవవు, లేస్తే వంగవు. అయినా పొద్దున్నే ఆ డబ్బాల ముందు గొంతుక్కూర్చుని, ఆకుల మీద చుక్క పడకుండా మొక్క మొదట్లో మాత్రమే గ్లాసుతో నీళ్ళు పోస్తాడు. ఆకులన్నీ పుట్టే మధ్య ముడి మట్టిలో కూరుకుపోకూడదు, అలాగని పైకి తేలకూడదు. వేలితో తడిమి చూస్తాడు. సరిగ్గా ఉందని రోజూ తెలుసు, అయినా రోజూ తడుముతాడు.

"ఎన్ని తెంపావురా ఇవాళ?" లోపల్నుంచి అక్క అడిగింది.

"ఏడు."

"ఏడు పళ్ళు మట్టిపాలు."

"పళ్ళు కాదక్కా, పూలు."

"పూలే కదరా పళ్ళయ్యేవి. నేను మరీ అంత చదువులేని దాన్ని కాదు." నవ్వబోయింది, దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా ఇద్దరూ ఆగారు.

అక్క కిటికీ పక్కన చెక్క కుర్చీలో ఉంది. పగలూ రాత్రీ అందులోనే. గుండె బలహీనపడి నీరు చేరుతోంది, పడుకుంటే ఊపిరాడదు. కాళ్ళు వాచి చర్మం నున్నగా మెరుస్తోంది. చిన్న బల్ల మీద వాటిని ఎత్తిపెట్టి, శాలువా కప్పి, అతను రోజూ పనిలోకి పోతాడు. పదింటికి ఒకసారి, ఒంటిగంటకి ఒకసారి కింది వాటాలో ఉండే దర్జీ భార్య వచ్చి చూసి పోతుంది. పోయిన నెల డాక్టరు అతన్ని మెట్ల మీదికి పిలిచి, "ఆవిడ ఏది తినాలంటే అది తిననివ్వండి" అన్నాడు. ఆ మాటకి అర్థం మెట్లు దిగుతున్న డాక్టరు వీపు చూశాక గాని అతనికి తెలియలేదు.

ఆవిడ తినాలనుకున్నది ఒక్కటే. మొక్క మీద పండిన స్ట్రాబెరీ.

వినేవాళ్ళకి ఇదేం కోరిక అనిపిస్తుంది. కాని అక్క ముప్ఫై ఏళ్ళు జాం ఫ్యాక్టరీలో స్ట్రాబెరీలకి తొడిమలు తీసింది. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయేనాటికి ఆమెకి పందొమ్మిది, అతనికి ఏడు. ఆ వారమే పనిలో చేరింది. తలకి వల, నోటికి గుడ్డ, చేతిలో బొటనవేలంత చెంచా. చెంచా కొసని పండు మెడ దగ్గర గుచ్చి ఒక్క తిప్పు తిప్పితే తొడిమ రెక్కలు చెడకుండా ఊడొస్తుంది. నిమిషానికి ఇరవై. నోటికి గుడ్డ ఉంది కాబట్టి ఒక్కటి కూడా లోపలికి పోయే దారి లేదు. గుడ్డ కిందికి జారితే పని పోతుంది. సాయంత్రం ఎర్రటి వేళ్ళతో ఇంటికొచ్చి రొట్టె కోసేది, మధ్యలో మెత్తటి ముక్కలు తమ్ముడికి, గట్టి అంచులు తనకి. "నాకు అంచులే ఇష్టంరా" అనేది. అక్కకి అంచులే ఇష్టమని అతను నలభై ఏళ్ళొచ్చేదాకా నమ్మాడు. నమ్మకపోతే తినలేకపోయేవాడేమో, అదీ నిజమే.

ఆవిడకి సంబంధం వస్తే "వీడి చదువు కానీ" అంది. చదువు అంతంతమాత్రంగా అయింది. "వీడి ఉద్యోగం కానీ" అంది. ఉద్యోగం అయింది. ఆ తర్వాత అడగడానికి ఎవరూ రాలేదు. అతనికి సంబంధం వస్తే "అక్క దారి చూసి నా సంగతి" అన్నాడు. ఇలా ఒకరికోసం ఒకరు ఆగుతూ ఇద్దరూ జుట్టు నెరిపించుకున్నారు.

ఆవిడ పని మానేసిన చాలా ఏళ్ళకి ఒకసారి అతను బజార్లో కొన్న స్ట్రాబెరీలు ఒక పెట్టె తెచ్చాడు. అక్క ఒకటి తీసి, తిప్పి చూసి, వాసన చూసి పెట్టేసింది. "ఇది పెట్టెలో ఎర్రబడిందిరా, చెట్టు మీద కాదు. ఇలాంటివి లక్షల్లో చూశాను. తింటే మొక్క మీద పండింది తినాలి. లేకపోతే ముప్ఫై ఏళ్ళు నోరు కట్టుకున్నదానికి విలువేముంది?" అంది. అప్పుడే అతను నర్సరీకి వెళ్ళి ఆరు మొక్కలు తెచ్చాడు. ఇక ఇది నాలుగో ఏడు, ఒక్క పండు తిన్న పాపాన పోలేదు.

వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ అతను తుంచుతూనే ఉన్నాడు. ఏటా మొక్కలు సన్నటి తీగలు సాచేవి, తీగ కొసన పిల్లమొక్క వచ్చేది. దాన్ని పక్క డబ్బాలో మట్టికి ఆనించి, హెయిర్‌పిన్ను గుచ్చి, వేరు పట్టాక తీగ కత్తిరించేవాడు. తల్లిమొక్కని పీకేసేవాడు. పిల్లమొక్కకి మళ్ళీ అది మొదటి ఏడు. మొదటి ఏడు పూత తుంచాలి. తుంచాడు.

ఈ ఏడు మాత్రం అక్క దొంగతనం చేసింది. కిటికీ గట్టు మీద ఆరో డబ్బా ఒకటుంది, ఆవిడకి ఆకులు కనపడతాయని పెట్టింది. అందులో మొగ్గ చూసిన రోజు, కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేస్తే ఆయాసంతో నల్లబడే మనిషి, గట్టు పట్టుకుని నిలబడి ఆ డబ్బాని అటువైపుకి తిప్పింది. మొగ్గ బయటికి, ఆకులు లోపలికి. రోజూ ఆకులు చూసి అతను "దీనికింకా పూత రాలేదు" అనేవాడు. ఆవిడ "పాపం, బద్ధకపు మొక్క" అనేది. పచ్చి కాయ వేలికొసంత అయ్యాక దొరికిపోయింది. అప్పుడు తుంచి లాభం లేదు. రెండు రోజులు సణిగాడు. మూడో రోజు కాయ కింద ఎండుగడ్డి పరిచాడు. నాలుగో రోజు పిట్టలు పొడవకుండా అక్క పెట్టెలో ఆ చిన్న చెంచాతో పాటు దాచిన పాత ఫ్యాక్టరీ తలవల తీసి డబ్బాకి తొడిగాడు.

"చూడు, ఎలా ఉందో నా బిడ్డ," అంది అక్క ఇప్పుడు, గడ్డంతో కిటికీ వైపు చూపిస్తూ.

వల లోపల పండు వేలాడుతోంది. మొన ముదురు ఎరుపు. పొట్ట ఎరుపు. మెడ దగ్గర, తొడిమ కింద మాత్రం గోరంత వెడల్పున తెల్లటి పట్టీ ఉంది.

"ఇంకొక్క రోజు. రేపు పొద్దున కోద్దాం. మెడదాకా ఎర్రబడనీ," అన్నాడు.

"తీపంతా మొనలోనే ఉంటుందిరా. మెడ ఎలా ఉంటే ఏం? మా ఫ్యాక్టరీలో తెల్లమెడలు కోసి అవతల పారేసేవాళ్ళు, గడ్డి తిన్నట్టు ఉంటాయని."

"అందుకే అంటున్నా. నాలుగేళ్ళు ఆగాం, ఒక్క రోజు ఆగలేవా? ముట్టుకున్నావంటే ఊరుకోను."

"ఏం చేస్తావేం? కొడతావా?" అక్క కళ్ళు చికిలించింది. "ఒరేయ్, నీ నిదానంతో నాకు పీకలదాకా వచ్చిందిరా. నువ్వు చావుకి కూడా మూడు రోజులు ఆలస్యంగా వస్తావు."

"మంచిదే కదా," అని అతను జేబులోంచి పూలు తీసి నీళ్ళ సాసరులో వేసి ఆవిడ చేతికి అందే చోట పెట్టాడు. శాలువా సర్ది, మందులు మింగించి, గ్లాసులో నీళ్ళు నింపాడు. గడప దాటుతుంటే ఆవిడ వెనకనుంచి "తమ్ముడూ" అంది. తిరిగి చూశాడు. "ఏం లేదులే, పో. పనికి వేళయింది," అంది. పోయాడు.

నర్సరీ వీధి మలుపులో ఉంది, రేకుల పందిరి కింద. పెద్దాయన గొట్టంతో మొక్కలు తడుపుతున్నాడు. నిదానం రోజూ దాటిపోయేవాడే, ఇవాళ ఆగాడు.

"పెద్దాయనా, స్ట్రాబెరీ మెడ దగ్గర కాస్త తెలుపుంది. కోసేయొచ్చా?"

"కోశాక పండదయ్యా అది. మెడదాకా రంగు రానివ్వు. అయినా ఎన్ని కాశాయేంటి, ఇంత జాగ్రత్త పడుతున్నావు?"

"ఒకటి."

పెద్దాయన గొట్టం పక్కకి తిప్పాడు. "ఒకటా! ఆరు మొక్కలు పట్టుకెళ్ళావు నాలుగేళ్ళ కిందట, నాకు గుర్తే. అన్నిటికీ కలిపి ఒకటా?"

"మీరే చెప్పారు కదా. మొదటి ఏడు పూత తుంచెయ్యమని."

"చెప్పాను. మరి రెండో ఏడు?"

"రెండో ఏడు ఉండవుగా. పిల్లలు పెట్టాక తల్లిని పీకేస్తాను కదా. పిల్లలకి మళ్ళీ మొదటి ఏడు."

పెద్దాయన కాసేపు అర్థంకానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టి, గొట్టం కింద పడేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "ఓరి నాయనో! అరటిచెట్టు అనుకున్నావా? పిల్లపెట్టగానే తల్లిని నరకడానికి! తల్లి మూడు నాలుగేళ్ళు కాస్తుందయ్యా! మొదటి ఏడన్నా ముందొచ్చే నాలుగు పూలు తుంచితే చాలు, తర్వాతొచ్చే పూత వదిలెయ్యాలి. నువ్వు ఏటా తల్లిని చంపి పిల్లల పూత తెంపుతున్నావా? ఎన్నేళ్ళు చేసినా నీకు మొదటి ఏడేనా?"

నిదానం నవ్వలేదు. పెద్దాయన అతని ముఖం చూసి నవ్వు మింగేశాడు.

"పోనీలే బాబూ, తెలియక చేసినదానికేం. ఇకనుంచి ముట్టుకోకు. నెల తిరిగేసరికి డబ్బాలు ఎర్రగా అయిపోతాయి చూడు."

నెల. డాక్టరు నెల మాట ఎత్తలేదు. నిదానం తల ఊపి రోడ్డెక్కాడు. నాలుగేళ్ళు ఆ గోరుతో ఎన్ని తుంచాడో లెక్క కట్టబోయి వద్దనుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. పూలు తుంచుతుంటే మొక్కల మంచి చూస్తున్నానని గర్వపడిన రోజులున్నాయి. తెంపిన ప్రతి పువ్వూ అక్క నోటి దగ్గర ముద్ద అని ఇప్పుడు తెలిసింది. ఈ రోజు పొద్దున్న కూడా ఏడు.

లాండ్రీ ఆసుపత్రి నేలమాళిగలో ఉంది. పెద్ద ఉతుకుడు యంత్రాలు ఒకవైపు, వేడి రోలరు ఇంకోవైపు. రోలరు ఒక పక్కనుంచి తడి దుప్పటి మింగి రెండో పక్కనుంచి ఆవిర్లు కక్కుతున్న పొడి దుప్పటి తీసిస్తుంది. దాన్ని ఇద్దరు పట్టుకోవాలి. చెరో రెండు మూలలు పట్టుకుని, విదిలించి, ఎదురెదురుగా నడిచి మూలలు కలపాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. ఒక్క దుప్పటికి నాలుగుసార్లు ఎదురుపడతారు. అతని జత పదకొండేళ్ళుగా ఒకే ఆవిడ. నోరు మూతపడదు కాబట్టి ఆవిడ పేరు రేడియో.

ఆరేళ్ళ కిందట, సరిగ్గా ఒక దుప్పటి మధ్యలో, రేడియో అంది: "రోజుకి ఇన్నిసార్లు ఎదురొస్తున్నాం కదా. ఇంట్లో కూడా ఎదురొస్తే పోలా?" అతను మూలలు కలిపి, అంచు సరిచేసి, "అక్క ఆరోగ్యం కాస్త కుదుటపడనీ" అన్నాడు. ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. మిగతావన్నీ మాట్లాడుతుంది, అదొక్కటే మాట్లాడదు.

ఇవాళ మూడో దుప్పటి మడతలో అతని చొక్కా జేబులోంచి తెల్లటి రెక్క ఒకటి జారి గుడ్డ మీద పడింది.

"ఏంటిది, పూలు పెట్టుకుని తిరుగుతున్నావు? ఈ వయసులో?" అంది రేడియో.

అతను చెప్పాడు. దుప్పటికో ముక్క చొప్పున, ఎదురుపడినప్పుడల్లా కాస్త కాస్త చెప్పాడు. నర్సరీ దగ్గరికి వచ్చేసరికి రేడియో నవ్వింది. నవ్వి, అతని చేతులు చూసి ఆపేసింది.

"నిదానమే ప్రధానం అన్నవాడే ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నాడు. నువ్వు మొదటి సగం విని లేచి వచ్చేశావు," అంది. తర్వాత కొంచెం మెల్లగా, "ఆ తెల్ల పట్టీకోసం రేపటిదాకా ఎందుకు ఆగడం? ఇవాళే పెట్టు. సాయంత్రం దాకా కూడా వద్దు. మేస్త్రీని అడిగి వెళ్ళు," అంది.

ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో అతను ముందుగా వెళ్తానని అడిగింది లేదు. మేస్త్రీ అద్దాల గదిలో కూర్చుని వార్డుల చిట్టీలు చూస్తున్నాడు.

"మేస్త్రీ గారూ, ఇవాళ కాస్త ముందుగా పోవాలి."

మేస్త్రీ కళ్ళజోడు తీశాడు. "నువ్వా? తొందరా? ఎవరర్రా అక్కడ, గడియారం ఆగిందేమో చూడండి!" అని, అతను నవ్వకపోయేసరికి గొంతు మార్చాడు. "ఆపరేషను గదుల బండి రెండింటికి పైకి పోవాలి. అది నింపేసి పో. ఇద్దరున్నారుగా, గంటలో అయిపోతుంది."

సరేనన్నాడు. అలా అనకుండా వెళ్ళిపోవచ్చని ఆ క్షణంలో అతనికి తోచలేదు. తర్వాత చాలాసార్లు తోచింది.

బండి నింపుతున్నారు. ఆ రోజు అతని చేతులు ఎన్నడూ లేనంత వేగంగా ఆడాయి. రేడియో వెనకబడి "అబ్బో" అంది. ఆవిరికి చొక్కా వీపుకి అంటుకుంది, మణికట్లు గుంజుతున్నాయి. మనసంతా కిటికీ గట్టు మీదుంది. వెళ్ళగానే ఏం చెయ్యాలో అనుకున్నాడు. వల తీసి, డబ్బా మొత్తం ఎత్తి అక్క ఒళ్ళో పెడతాడు. తనే కోసుకుంటుంది. తర్వాత నర్సరీ కథ చెప్తాడు. అక్క తిడుతుంది. తిట్టనీ. దగ్గు వచ్చేదాకా నవ్వనీ. ఐదు డబ్బాల్లో మిగిలిన మొగ్గలు ఇక ముట్టుకోనని ఒట్టేస్తాడు.

ఒంటిగంట దాటింది. బండి సగం పైన నిండింది. మేస్త్రీ అద్దాల గదిలోంచి కేకేసి పిలవకుండా తనే నడిచి వచ్చాడు. అలా నడిచి రావడం చూసి రోలరు దగ్గరవాళ్ళు ఒక్కొక్కరే చేతులు ఆపారు.

"నిదానం, ఇంటినుంచి ఫోను," అన్నాడు మెల్లగా.

అతని చేతుల్లో దుప్పటి రెండు మూలలున్నాయి. మిగతా రెండూ రేడియో దగ్గరున్నాయి. "వెళ్ళు, నేను చూసుకుంటా," అంది ఆవిడ. అతను వదల్లేదు. ఎదురు నడిచి మూలలు కలిపాడు. పదకొండేళ్ళలో మొదటిసారి మూలలు కలవలేదు. అతను విప్పి, సరిచేసి, మళ్ళీ మడిచాడు. బండిలో పెట్టాడు. అప్పుడు ఫోను దగ్గరికి నడిచాడు.

"అన్నయ్యా," అంది దర్జీ భార్య. ఏడుపు ఆపుకుంటోంది. "పెద్దక్క లేవట్లేదు. పదింటికి వస్తే బాగానే మాట్లాడింది. ఇప్పుడు భోజనం పెడదామని వస్తే... డాక్టరు గారొచ్చారు. చూశారు. మీరు... మీరు కంగారు పడకుండా రండి."

కంగారు పడలేదు. పరిగెత్తాడు. మోకాళ్ళు ఉన్నాయన్న సంగతి మర్చిపోయి, నర్సరీ పక్కనుంచి, పెద్దాయన ఏదో అడుగుతున్నా వినకుండా, మూడు అంతస్తులూ ఎక్కాడు. మనిషి తొందరపడాల్సిన పని ఇక లేదని తెలిసే పరిగెత్తాడు.

అక్క కుర్చీలోనే ఉంది. తల కిటికీ వైపుకి ఒరిగింది. కళ్ళు మూసుకునే ఉన్నాయి, ఎవరూ మూయాల్సిన అవసరం రాలేదు. శాలువా మోకాళ్ళమీద ఉంది. ఒక చేతిలో తలవల, నాలుగు మడతలుగా మడిచి ఉంది. డాక్టరు కాగితం బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. కాళ్ళ దగ్గర సాసరులో పొద్దుటి పూలు తేలుతున్నాయి.

దర్జీ భార్య కళ్ళు తుడుచుకుంది. "పదింటికి నేను వెళ్ళబోతుంటే చాకూ పళ్ళెమూ ఇమ్మంది అన్నయ్యా. చాకెందుకు పెద్దక్కా అంటే, 'ఆస్తి పంపకాలున్నాయమ్మా' అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వి వెళ్ళిపోయాను."

"నువ్వు కాసేపు కిందికి పోమ్మా," అన్నాడతను.

ఆవిడ వెళ్ళాక అక్క పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆ చెయ్యి తీసుకున్నాడు. వేళ్ళ కొసలు ఎర్రగా ఉన్నాయి. చిన్నప్పుడు సాయంత్రాలు ఆ ఎరుపు చూస్తేనే ఇంట్లో రొట్టె ఉందని ధైర్యం వచ్చేది. ఇన్నేళ్ళకి మళ్ళీ అదే ఎరుపు. తింది. చెప్పిన మాట వినకుండా కోసుకుని తింది. దేవుడా, మాట వినలేదు, మంచి పని చేసింది! గుండెల మీదినుంచి బండ దిగినట్టయి అతను బిగ్గరగా ఏడ్చాడు.

ఏడుపు కాస్త నెమ్మదించాక కిటికీ గట్టు చూశాడు. డబ్బాలో ఖాళీ కాడ ఉంది. దాని పక్కన ఒక పళ్ళెం, పళ్ళెంలో నీళ్ళు తాగే గ్లాసు బోర్లించి ఉంది. చీమలు పట్టకుండా చిన్నప్పుడు అతని వాటా మీద బోర్లించినట్టే.

లేచి గ్లాసు ఎత్తాడు.

సగం పండు ఉంది. నిలువునా కోసిన సగం కాదు, అడ్డంగా కోసినది. మొన వైపు సగం. ముదురు ఎరుపు, రసం ఊరి పళ్ళెమంతా అంటుకుంది. మెడ వైపు సగం, ఆ తెల్లటి పట్టీ ఉన్న సగం, గడ్డి తిన్నట్టు ఉంటుందని తనే చెప్పిన సగం, లేదు.

అతనికి ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడు కూడానా అక్కా!" అని కుర్చీ వైపు తిరిగి అరిచాడు. "నాలుగేళ్ళు... ముప్ఫై ఏళ్ళు నోరు కట్టుకుని... ఇప్పుడు కూడా అంచులేనా నీకు!" ఆవిడ ఏం చెప్పేదో అతనికి తెలుసు. నాకు మెడలే ఇష్టంరా అనేది.

పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. దాచుకుందామనిపించింది. తడిగుడ్డలో చుట్టి, రేపటిదాకా, కనీసం సాయంత్రం దాకా. వేలు ఆ గుడ్డ కోసం వెతికింది కూడా. ఆ వేలిని తనే చూసుకున్నాడు. గోరు ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

గుడ్డ తీసుకోలేదు. అక్కడే, అక్క ఎదురుగానే, ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు. ఎండ తగిలి వెచ్చగా ఉంది. ఇంత తీపి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి తెలియదు.

కింద మెట్ల మీద జనం అలికిడి మొదలైంది. రేడియో గొంతు వినిపించింది. ఎప్పుడూ లేనిది, మెల్లగా మాట్లాడుతోంది. పనంతా వదిలేసి వచ్చినట్టుంది. అతను గ్లాసు కడిగి యథాస్థానంలో పెట్టి, తలుపు తీయడానికి వెళ్ళాడు. కిటికీ గట్టు మీద, ఖాళీ కాడ పక్కన, బొటనవేలంత చెంచా ఒకటి మిగిలింది. దాని గుంటలో ఆకుపచ్చ తొడిమ ఉంది, ఒక్క రెక్క కూడా చెడకుండా.